గ్యాస్ పనుల షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్: లీక్ వచ్చిన రోజే అసలు పరీక్ష

గ్యాస్ పంపిణీ లైన్ల నిర్వహణకూ, కొత్త లైన్ల నిర్మాణానికీ బృందాలను కేటాయించడానికి మా విభాగం ఒక షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌ను వాడుతోంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ విలువ క్యాలెండర్ ఎంత పొందికగా కనబడుతుందన్న దానిలో లేదు. ముందుగా వేసుకున్న పనుల మధ్యకు ఒక లీక్ ఫిర్యాదు వచ్చిపడినప్పుడు మిగిలిన రోజంతటినీ అది ఎలా సర్దుతుందన్న దానిలో ఉంది.

ఈ గ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం వరకు ఉంటే చిన్న నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది కాబట్టి, భవనానికి దగ్గరలో లీక్ ఉందని తెలిస్తే ఏ పనినైనా ఆపి బృందాన్ని పంపక తప్పదు. ఈ ఘట్టంలో సాఫ్ట్‌వేర్ నిజంగా మెప్పిస్తుంది. ఏ బృందం దగ్గరలో ఉందన్నది మాత్రమే కాక, ఆ బృందం పని ఏ దశలో ఉందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఎలక్ట్రోఫ్యూజన్‌తో, అంటే కరెంటు వేడితో కరిగించి, అతికించిన పాలిథిలిన్ (ప్లాస్టిక్) పైపును చల్లారేదాకా కదపకూడదు. పైపులో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే ప్రెషర్ టెస్ట్ నడుస్తుండగా మనుషులను తీసుకుపోతే ఆ పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. అలాంటి దశలో ఉన్న బృందాన్ని జాబితాలో కిందికి దించి, కారణాన్ని పక్కనే చూపిస్తుంది. పైపులు అతికేవారి అర్హత గడువు తీరితే వారికి ఆ పని కేటాయించనివ్వదు. తలలు లెక్కపెట్టి బృందం సరిపోయిందనుకునే పద్ధతికి ఇది స్వస్తి పలికింది.

వాయిదా పడిన పని విషయంలో మాత్రం నాకు తీవ్రమైన అసంతృప్తి ఉంది. బృందం తేదీ మారుతుంది కానీ తవ్వే యంత్రం, రోడ్డు తవ్వకం అనుమతి, ట్రాఫిక్ మళ్లింపు, తర్వాత రోడ్డును పూడ్చి బాగుచేసే బృందం పాత తేదీకే మిగిలిపోతాయి. భూమిలోని ఇతర కేబుళ్లను, పైపులను గుర్తించి వేసే మార్కింగ్‌ను ఇది కేవలం పనికి జోడించిన ఒక పత్రంగా చూస్తుంది. దాని గడువు దాటితే తవ్వకం మొదలుకాకుండా ఆపగల షరతుగా చూడాలి. ఇది సౌకర్యానికి సంబంధించిన లోటు కాదు, ప్రాణాలకు సంబంధించినది.

ఒక ప్రాంతమంతటికీ సరఫరా ఆగిపోయినప్పుడు కూడా ఇదే కొరత కనిపిస్తుంది. గ్యాస్ తిరిగి వదిలేముందు ప్రతి మీటరు దగ్గరి వాల్వ్ మూసి ఉందని ధ్రువీకరించుకోవాలి. లైన్‌లో గాలిని బయటికి పంపి గ్యాస్ నింపాక, ఇంటింటికీ రెండోసారి వెళ్లి ఉపకరణాలను పరీక్షించి వెలిగించాలి. సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంటికి ఒకే పని అనుకుంటుంది. అందువల్ల తాళం వేసి ఉన్న ఇళ్ల జాబితాను సూపర్‌వైజర్లు ఇప్పటికీ వేరే షీట్‌లో రాసుకుంటున్నారు.

మొబైల్ యాప్ నెట్‌వర్క్ లేనిచోట కూడా పనిచేస్తుంది, నివేదికలు సరిపోతాయి.

నిర్వహణ, అత్యవసర పనులే ఎక్కువగా ఉన్న సంస్థలు దీన్ని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. నిర్మాణ పనులు ఎక్కువగా ఉన్నవారు మాత్రం కొనేముందు, మార్కింగ్ గడువు రేపటితో తీరనున్న ఒక పనిని రెండు రోజులు వాయిదా వేయించి, దానికి ముడిపడిన యంత్రం, అనుమతి, పూడ్చే బృందం ఏమవుతాయో విక్రేత చేత తెర మీదే చూపించుకోవాలి.