వారం మాత్రల డబ్బా: బీపీ మందులు వాడే పెద్దలకు ఎంతవరకు పనికొస్తుంది?

డెబ్బై దాటిన మా అమ్మ కోసం వారానికి సరిపడే మాత్రల డబ్బా ఒకటి కొన్నాము. రోజుకు మూడు చొప్పున 21 గళ్లు, పైన లోపలిది కనిపించే మూతలు, వెల రూ.300 లోపే. వేళకు మాత్ర వేసుకొమ్మని ఇది గుర్తు చేస్తుందనుకుని కొనేవారికి నిరాశ తప్పదు. దీనివల్ల కలిగే మేలు వేరు. పొద్దున టిఫిను తర్వాత బీపీ మాత్ర వేసుకున్నామా లేదా అన్న అనుమానం పెద్దవారికి మధ్యాహ్నానికల్లా మొదలవుతుంది. ఆ అనుమానంతో కొందరు రెండోసారి వేసుకుంటారు, కొందరు రేపు చూద్దాంలే అని ఊరుకుంటారు. రక్తపోటు సాధారణంగా నొప్పి రూపంలో బయటపడే జబ్బు కాదు కనుక, మాత్ర మానిన రోజున ఒంట్లో తేడా ఏమీ తెలియకపోవచ్చు. అలాంటప్పుడు గడి ఖాళీ అయిందో లేదో చూస్తే చాలు, అనుమానానికి తావుండదు.

అయితే డబ్బా మీద ఎక్కడా రాయని విషయం ఒకటి ఉంది. బీపీకి విరివిగా రాసే టెల్మిసార్టాన్ మాత్ర గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, దాన్ని వేసుకునే ముందు మాత్రమే రేకులోంచి తీయాలి. ఆదివారం నాడు కూర్చుని వారానికి కావలసినవన్నీ రేకుల్లోంచి తీసి గళ్లలో నింపే పద్ధతి ఈ మందుకు, అందులోనూ వానాకాలంలో, అసలే పనికిరాదు. స్ట్రిప్పును ఒక్కో మాత్రగా కత్తిరించి రేకుతోపాటే గడిలో పెడదామంటే, చూపు మందగించినవారు పొరపాటున రేకుతో సహా నోట్లో వేసుకునే ప్రమాదం ఉంది. అందుకని మేము మిగిలిన మందులకే డబ్బా వాడుతూ, టెల్మిసార్టాన్ స్ట్రిప్పు వెనుక ఒక్కో మాత్ర దగ్గర తేదీ రాస్తున్నాము. నిజానికి రోజుకు ఒకే మాత్ర వేసుకునేవారికి ఈ పెన్ను గీత చాలు, డబ్బా దండగ. మూడు నాలుగు రకాల మందులు వాడేవారే కొనడం మంచిది.

తయారీలో లోపాలూ ఉన్నాయి. కీళ్లనొప్పులున్న వేళ్లకు మూతలు బిగుతుగా ఉన్నాయి. రోజుల పేర్లకు ఇంగ్లీషు పొడి అక్షరాలు వేశారు; మంగళవారానికీ గురువారానికీ ఒకటే అక్షరం, శనికీ ఆదివారానికీ ఒకటే. తెలుగులో రాసిన కాగితాలు అంటించుకున్నాకే అమ్మకు వాడకం సులువైంది. అలారం మోగే రకమూ దొరుకుతుంది గాని, పూజలో ఉండగా మోగితే ఆపేసి తర్వాత మరిచిపోవడమే జరుగుతుంది. రోజూ తప్పని కాఫీ వేళకు మాత్రను ముడిపెట్టడం అంతకంటే మేలు.

నింపేవారు మందుల చీటీ ఎదురుగా పెట్టుకోవాలి, ఎందుకంటే మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర రాత్రి గడిలో పడితే ఆ రాత్రికి నిద్ర ఉండదు. ఒక పూట మాత్ర మిగిలిపోయి కనిపించినా, మరునాడు దాన్ని కలిపి రెండు వేసుకోకూడదు. మూతలు బిగుతే అయినా చిన్నపిల్లలు తీయలేనంత కాదు కాబట్టి, మనుమలు తిరిగే ఇళ్లలో డబ్బాను పై అరలోనే ఉంచాలి.