సీసా నలపకండి బాబూ!

బెంగళూరు మారతహళ్లి నుంచి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి, పది రోజులుండి వచ్చాం నేనూ మా ఆవిడా. రాజభవనాలూ చర్చిలూ ఫోన్లో ఉన్నాయి, అడిగినవాళ్లకి చూపిస్తున్నాను. నా మనసులో ఉండిపోయింది మాత్రం సూపర్‌మార్కెట్లో ఓ మూలనున్న ఖాళీ సీసాల మెషిన్.

అక్కడ నీళ్ల సీసా కొంటే ధర మీద 25 సెంట్లు, అంటే దాదాపు 25 రూపాయలు, డిపాజిట్ కట్టాలి. ‘ఫాండ్’ అంటారు. ఒకసారి వాడి పారేసే సీసాలకి 2003 నుంచీ ఉందిది. ఖాళీ సీసాని మెషిన్ కంతలో పెడితే గిరగిరా తిప్పి, బార్‌కోడ్ చదివి, లోపలికి లాక్కుని చీటీ ఇస్తుంది. అది కౌంటర్లో ఇస్తే డబ్బులు. నేను బుద్ధిగా నాలుగు సీసాలూ నలిపి పట్టుకెళ్లాను. మన సీసాల మీద వాడాక నలిపేయమనే కదా రాస్తారు! పెట్టడం నా వంతు, బయటికి తోసెయ్యడం దాని వంతు. వెనకాల రెండు సంచులతో నిలబడ్డ పెద్దావిడ కాసేపు చూసి, ఊదమని సైగ చేసింది. అందరి ముందూ బూర ఊదినట్టు ఊదాను. మూడింటికి ఒప్పుకుంది, నాలుగోది మొండికేసింది.

వాళ్లకి శుభ్రత పుట్టుకతోనే వచ్చిందంటారు కానీ, నాకైతే సగం ఆ 25 సెంట్ల మహిమే అనిపించింది. మన పక్కన నీలగిరిలోనూ 2022 నుంచి మద్యం సీసా మీద 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిస్తున్నారు.

దిగింది ఒక చిన్న అపార్ట్‌మెంట్లో. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్ల లైటు కాసేపటికి దానంతటదే ఆరిపోతుంది. సూట్‌కేసుతో రెండో అంతస్తు దాటుతుండగా ఆరింది, స్విచ్ తడుముకునేసరికి టెన్షన్ వచ్చేసింది. కరెంటు ఆదా సరే, పెద్దవాళ్లతో వెళ్తే ఇలాంటిది తీసుకోకండి. వంటగది మాత్రం బంగారం. కింద కాగితాలకొకటి, కూరగాయల తొక్కలకొకటి, మిగతా చెత్తకొకటి డబ్బాలు. గాజు సీసాలు వీధి చివర రంగును బట్టి వేరే డబ్బాల్లో వెయ్యాలి. అదీ ఆదివారం వెయ్యకూడదు, చప్పుడవుతుందని. మా ఆవకాయ సీసా సోమవారం దాకా గుమ్మం పక్కనే కూర్చుంది.

మెట్రో తలుపు కూడా బటన్ నొక్కితేనే తెరుచుకుంటుంది, చలికాలం వెచ్చదనం ఊరికే పోకుండా. అది తెలియక ఒక స్టేషన్ దాటిపోయాం.

వేడినీళ్ల దగ్గర మాత్రం నా ఓటు బెంగళూరుకే. మా మేడెక్కితే చుట్టూ సోలార్ హీటర్లే. అక్కడ నేనున్న వీధిలో అన్ని కనబడలేదు.

ఇంటికొచ్చి బ్యాగు సర్దుతుంటే ఆ నాలుగో సీసా బయటపడింది. నలిగిపోయిన 25 సెంట్లు! పాత పేపర్ల సంచిలో వేశాను. పేపర్లబ్బాయి అన్నింటితో కలిపి తూకం వేసుకుని పోయాడు.