బ్యాక్‌లాగ్‌లు మిగిలాయి: ఉద్యోగంలో చేరాలా, ఇంట్లో కూర్చుని చదవాలా?

నాలుగేళ్ల బీటెక్ ఐదారేళ్లకు సాగడానికి చాలాసార్లు కారణం పాస్ కాకుండా మిగిలిపోయిన రెండు మూడు సబ్జెక్టులే (వీటినే బ్యాక్‌లాగ్‌లంటారు). విశాఖలో ఇలా ఆగిపోయిన పిల్లల ముందు రెండు దారులుంటాయి.

ఖర్చు: ఉద్యోగంలో జీతం వస్తుంది. చదువుకే కూర్చుంటే ట్యూషన్ ఫీజులు ఇంటిమీద పడతాయి.

శ్రమ: అసలు చిక్కు ఇక్కడే. దువ్వాడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో షిఫ్టు ముగించుకుని గాజువాకలోని గదికి చేరేసరికి పుస్తకం తెరిచే ఓపిక ఉండదు. మ్యాథ్స్ రోజూ చేత్తో చేస్తేనే వస్తుంది, ఆదివారం ఒక్కపూట చాలదు. ఇంట్లో ఉంటే సమయం దొరుకుతుంది, కానీ చుట్టాల ప్రశ్నలు మనసును కుంగదీస్తాయి. దయచేసి పిల్లలను అలా అడగకండి.

ప్రమాదం: ఉద్యోగంలో ఉంటే పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది, లేదా సెలవు దొరక్క పరీక్ష తప్పుతుంది. జేఎన్‌టీయూ కాకినాడ నిబంధనల్లో బీటెక్‌కు గరిష్ఠ గడువు 8 విద్యా సంవత్సరాలు. ఇంట్లో కూర్చున్నవారికి రెజ్యూమెలో ఖాళీ కనిపిస్తుంది, అది పూడ్చుకోగలిగినదే.

మిగిలింది ఒక్క థియరీ సబ్జెక్టయితే ఉద్యోగంలో చేరవచ్చు. మ్యాథ్స్‌తో కలిపి మూడుంటే ఒక సెమిస్టర్ చదువుకే ఇవ్వాలి. ఇల్లు జీతం మీదే నడవాలంటే పగటి షిఫ్టు అడిగి, పరీక్ష రోజుల సెలవు ముందే రాయించుకోవాలి.