యాడ్ పడే చోటు మన చేతిలో ఉంటే: మిడ్‌రోల్ ఎడిటర్ మీద నా సమీక్ష

యూట్యూబ్ స్టూడియోలో సంపాదనకు సంబంధించిన సెట్టింగులన్నిట్లో నాకు బాగా ఇష్టమైంది ఒక్కటే. వీడియో మధ్యలో యాడ్ ఏ సెకను దగ్గర పడొచ్చో మనమే చూపించే టైమ్‌లైన్. యాడ్స్ డబ్బు మొదలవడానికి యూట్యూబ్ అడిగే వెయ్యి సబ్‌స్క్రైబర్లు, 4,000 వాచ్ అవర్స్ (జనం చూసిన గంటలు) సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను.

2023 నవంబర్ తర్వాత ఎక్కించే వీడియోలకు ముందు యాడ్, చివరి యాడ్, స్కిప్ అయ్యేది, కానిది అంటూ విడివిడిగా ఎంచుకునే వీలు తీసేశారు. యాడ్స్ ఆన్ చేస్తే వాటిలో ఏది వేయాలో యూట్యూబే చూసుకుంటుంది. మన చేతిలో మిగిలింది మిడ్‌రోల్, అంటే వీడియో మధ్యలో పడే యాడ్, ఒక్కటే. వీడియో కనీసం 8 నిమిషాలుంటే అది దక్కుతుంది. 2020 జులై దాకా ఈ హద్దు 10 నిమిషాలు. ఆరు నిమిషాల విషయాన్ని సాగదీసి ఎనిమిది చేస్తే మాత్రం చూసేవాళ్లు స్లాట్ (యాడ్ కోసం గుర్తుపెట్టిన చోటు) దాకా రాకుండానే వెళ్లిపోతారు.

చేత్తో పెట్టడం ఎందుకంత ముఖ్యమో సైకిల్ పంక్చర్ వేసే 12 నిమిషాల వీడియో ఒకటి ఊహించుకుంటే తెలిసిపోతుంది. ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూపిస్తున్నారు. సరిగ్గా బుడగ కనిపించిన క్షణంలో యాడ్ పడితే, తిరిగొచ్చేసరికి చెయ్యి ఇంకో చోట ఉంటుంది. చూసేవాడు పది సెకన్లు వెనక్కి లాక్కుంటాడు, లేదా విసుగొచ్చి వేరే వీడియోకి పోతాడు. అదే వీడియోలో గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, "ఇది కాస్త ఆరనివ్వాలి" అన్న మాట దగ్గర స్లాట్ పెట్టి చూడండి. అక్కడ ఎలాగూ ఆగాల్సిందే. యాడ్ అయ్యాక ప్యాచ్ పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది, తెగిన దారం దానంతటదే అతుక్కుంటుంది.

పెట్టే పద్ధతి కష్టమేం కాదు. కంటెంట్‌లోకి వెళ్లి వీడియో తెరిచి, మానిటైజేషన్ పేజీలో మిడ్‌రోల్ చోట్లు చూసే బటన్ నొక్కితే టైమ్‌లైన్ వస్తుంది. దాన్ని బాగా జూమ్ చేసి, మాట ముగిసి శబ్దం గీత పడుకున్న చోటు పట్టుకోవాలి. మాట చివరి అక్షరం మీద కాకుండా దాని తర్వాత అర సెకనో, సెకనో వదిలి స్లాట్ పెట్టాలి. ఆ తర్వాత ప్రివ్యూ నొక్కి చెవితో వినాలి. కంటికి ఖాళీగా కనిపించిన చోట కూడా ఊపిరి తీసుకోవడం సగంలో తెగితే ఎబ్బెట్టుగానే ఉంటుంది. నేను పాటించే ఇంకో నియమం: స్లాట్ తర్వాత వచ్చే మొదటి వాక్యంలోనే ఎక్కడున్నామో గుర్తుచేయడం. "సొల్యూషన్ ఆరింది, ఇప్పుడు ప్యాచ్" అంటే చాలు. షూట్ చేసేటప్పుడే ఈ వాక్యం రాసుకుని ఉంచుకుంటే ఎడిటింగ్‌లో సగం పని తగ్గుతుంది.

ఇది దెబ్బతినేది ఎక్కువగా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దగ్గర. మొదటి నుంచి చివరి దాకా ఒకే ట్రాక్ ఆగకుండా పరిచేస్తే, మాటలు ఆగినా మ్యూజిక్ ఆగదు. స్లాట్ ఎక్కడ పెట్టినా పాట మధ్యలో తెగి, యాడ్ అయ్యాక మళ్లీ మధ్యలోంచి ఎత్తుకుంటుంది. తప్పు ఎడిటింగ్‌దే. విభాగం ముగిసే చోట మ్యూజిక్‌ను రెండు సెకన్లలో దించేసి, కొత్త విభాగంలో మళ్లీ ఎత్తితే సరిపోతుంది. ఒకసారి ఎక్కించాక వీడియో ఫైల్ మార్చలేం కాబట్టి ఈ పని అప్‌లోడ్‌కు ముందే అయిపోవాలి.

స్లాట్ పెట్టినంత మాత్రాన యాడ్ పడుతుందని లేదు. అది అవకాశం మాత్రమే. ఎవరికి, ఎప్పుడు చూపించాలో ఆ క్షణంలో తేలుతుంది. అందుకే నిమిషానికొకటి గుచ్చేస్తే ఆదాయం ఆ లెక్కన పెరగదు. పైగా 2025 మే 12 నుంచి పద్ధతి మారింది. వాక్యం మధ్యలోనో, జరుగుతున్న పని మధ్యలోనో పెట్టిన స్లాట్లకు యాడ్స్ తగ్గించి, సహజంగా ఆగే చోట్లకు ఎక్కువ ఇస్తున్నారు. చేత్తో పెట్టిన స్లాట్ అడ్డు తగిలేలా ఉంటే ఎడిటర్ హెచ్చరిస్తుంది కూడా. యూట్యూబ్ తనంతట తానే పెట్టే ఆటోమేటిక్ స్లాట్లను పూర్తిగా ఆపేసి అన్నీ చేత్తోనే పెట్టాలని ఇదివరకు గట్టిగా చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పను. రెండూ ఆన్‌లో ఉంచి, ముఖ్యమైన రెండు మూడు చోట్లు చేత్తో పెట్టి, ఆటోమేటిక్‌గా వచ్చిన వాటిలో నచ్చనివి తీసేయడం నాకు కుదిరింది.

ఫలితం చూడటానికి సీపీఎం పనికిరాదు. అది ప్రకటనదారు వెయ్యి యాడ్ ప్రదర్శనలకు కట్టే మొత్తం, యూట్యూబ్ తన వాటా తీసుకోకముందు లెక్క. యాడ్ పడని వ్యూస్ అందులోకి రావు. యూట్యూబ్ వాటా పోయాక వెయ్యి వ్యూస్‌కి చేతికొచ్చేది ఆర్‌పీఎం, చూడాల్సింది అదే. మామూలు వీడియోల యాడ్స్‌లో మనకొచ్చేది 55 శాతం. స్లాట్లు మార్చిన వీడియోకి ముందు 28 రోజులు, తర్వాత 28 రోజులు పోల్చండి. కానీ డిసెంబర్‌ను జనవరితో పోల్చొద్దు. ఏడాది చివర ప్రకటనల ధరలు పెరిగి, కొత్త ఏడాది మొదట్లో పడిపోతాయి, నేరం స్లాట్ మీద పడుతుంది. ఆర్‌పీఎంతో పాటు రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపించే గీత) కూడా తెరిచి, స్లాట్‌కి అటూ ఇటూ అర నిమిషం చూడండి. గీత అక్కడ మెట్టులా దిగితే ఆ స్లాట్ జరపాలి.

నేను చేసేవన్నీ పది పదిహేను నిమిషాల పాఠాలు, అంచెలంచెలుగా సాగేవి. వాటిలో ఆగే చోట్లు పుష్కలం. షార్ట్స్ చేసేవాళ్లకు ఇదంతా అక్కరకు రాదు, అక్కడ యాడ్స్ వీడియోల మధ్య పడతాయి, మన వాటా 45 శాతం. గంటల తరబడి ఆగకుండా మాట్లాడే చానెళ్లకు ఆటోమేటిక్ ఒక్కటే చాలేమో. పిల్లల కోసమని గుర్తుపెట్టిన వీడియోలకు వ్యక్తిగత అభిరుచుల ఆధారిత యాడ్స్ రావు, కాబట్టి స్లాట్ ఎంత బాగా కుదిరినా తేడా కొంచెమే ఉండొచ్చు.

వీడియోలో వాడిన పాటకు కాపీరైట్ క్లెయిమ్ (ఆ పాట తమదని హక్కుదారు చెప్పుకోవడం) పడితే, ఎంత చక్కగా అమర్చిన స్లాట్ డబ్బయినా క్లెయిమ్ చేసినవాళ్లకే వెళ్లొచ్చు. ఆ పాట వాడే హక్కు మీకు నిజంగా ఉంటే 5 రోజుల్లోపు వివాదం నమోదు చేయండి. అప్పుడు క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచీ వచ్చిన డబ్బును తేలేదాకా పక్కన పెడతారు. ఆరో రోజు వేస్తే, వేసిన రోజు నుంచి మాత్రమే.