ఓరుగల్లుకు ఒక్క రోజు చాలదు

పొద్దున హైదరాబాద్‌లో రైలెక్కి రాత్రికి తిరిగొచ్చేయడం, వరంగల్ అంటే మాకు ఎప్పుడూ అంతే. ఈసారి అమ్మతో కలిసి మూడు రోజులు ఉన్నాను. ఇన్నాళ్లూ ఏం చూడకుండా వచ్చామో అప్పుడు తెలిసింది.

బస హనుమకొండలో పెట్టుకోవడం మేలు. వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి దగ్గర, ములుగు వైపు బస్సులూ అక్కడి నుంచే. మొదటి రాత్రి మాత్రం స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఫోన్‌లో లిఫ్ట్ ఉందన్నారు, తీరా వెళ్తే లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మూడంతస్తులు ఎక్కాల్సి వచ్చింది. మర్నాడు హనుమకొండకు మారాక గానీ టెన్షన్ తగ్గలేదు. పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తు గదే అడగండి.

కోటకు సాయంత్రం వెళ్లాం. తెలంగాణ చిహ్నంలో కనిపించే కాకతీయ తోరణాలు నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి. అవి కాపు కాసిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు. 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు లొంగిపోయింది. ఇప్పుడు ఆ తోరణాల మధ్య విరిగిన స్తంభాలు, ఏనుగులు, హంసలు చెక్కిన రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. అమ్మ ఒక్కో రాయి దగ్గర ఆగి చేత్తో తడిమి చూసింది. అక్కడ రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. రాతి గోడ బయట మట్టికోట కట్ట కూడా ఉంది, దాన్ని ఎవరూ ఆగి చూడరు.

1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి ఊరి మధ్యలోనే ఉంటుంది కాబట్టి తెల్లవారాక ఒక గంట చాలు.

హనుమకొండ నుంచి రామప్ప గుడి సుమారు 65 కిలోమీటర్లు. బస్సులో వెళ్తే జంగాలపల్లి దగ్గర దిగి ఆటో పట్టాలి. అమ్మ కోసం మేం కారు మాట్లాడుకున్నాం. ఎనిమిదిలోపు చేరడం మంచిది, ఎండెక్కితే చెప్పుల్లేని కాళ్లు రాతి మీద నిలవవు. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గైడ్‌ను తప్పకుండా పెట్టుకోండి. గుడి శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకల గురించి అందరికీ తెలుసు. మడమ ఎత్తు చెప్పులు వేసుకున్న మదనిక బొమ్మను మాత్రం ఆయన వేలు పెట్టి చూపిస్తేనే చూడగలిగాం. నల్లరాయి నున్నదనానికి అమ్మ ముఖం అందులో మసకగా కనిపించింది.

అక్కడి నుంచి సుమారు పది కిలోమీటర్లలో గణపురం కోటగుళ్లు. చాలామంది రామప్ప చూసి లక్నవరం చెరువుకు వెళ్లిపోతారు, నాకది బాధగా అనిపిస్తుంది. ఒకే ప్రాంగణంలో ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్లు, కొన్ని సగం కూలిపోయి ఉన్నాయి. మేం వెళ్లినప్పుడు మా ఇద్దరం తప్ప ఎవరూ లేరు. తాగునీళ్లు, తినడానికి ఏమైనా ముందే కొనుక్కెళ్లండి. మాకు దగ్గర్లో ఏ దుకాణమూ కనిపించలేదు.