మా మిద్దె ఇంటి పాత తలుపు, దాని బీగం: కాపురానికి వచ్చినప్పటి నుంచి వాడుతున్న అనుభవం

గండికోట చూడ్డానికి వచ్చే చుట్టాల పిల్లలు జమ్మలమడుగులో మా ఇంటికి వస్తే, వాకిలి దగ్గర ఫోటోలు దిగాకే లోపలికి అడుగు పెడతారు. రెండు రెక్కల టేకు తలుపు, వరుసగా ఇత్తడి బొడిపెలు, ద్వారబంధం మీద గజలక్ష్మి, అటూ ఇటూ చిలకలు. ఫోటోకైతే ఐదుకి ఐదు. రోజూ తీసి వేసే దాన్ని కాబట్టి నా లెక్క వేరు. ఈ తలుపు కనిపించే దానికన్నా మంచిది. బీగం కనిపించేంత మంచిది కాదు.

తలుపుకి ఇనుప బందులు లేవు. రెక్క అంచున పైనా కిందా కట్టెలోనే మొలలు తీశారు. కింది మొల రాతి గుంటలో, పైది ద్వారబంధంలో చేసిన రంధ్రంలో తిరుగుతాయి. బరువంతా రాయి మీదే పడుతుంది కాబట్టి స్క్రూలు వదులవడం, రెక్క వాలిపోవడం అనే టెన్షన్ లేదు. ఈ మధ్య వేయించిన బాత్‌రూం తలుపు అప్పుడే నేలకు రాసుకుంటోంది. ఇద్దరు మోయాల్సిన ఈ రెక్క మాత్రం ఒంటిచేత్తో తోస్తే కిర్రుమని తిరుగుతుంది. ఆ కిర్రు వల్ల మా వాడు సెకండ్ షో నుంచి దొంగచాటుగా ఇంట్లోకి వచ్చింది ఎప్పుడూ లేదు.

వానాకాలంలో ఉబ్బుతుంది, నిజమే. భుజంతో నెట్టాలి. చిత్రిక పట్టించేద్దామని మా ఆయన వడ్లాయన్ని పిలుచుకొస్తే ఆయన చెయ్యి కూడా వెయ్యలేదు. "ఇప్పుడు గీకితే ఎండాకాలంలో సందులోంచి పిల్లి దూరుతుంది సామీ, వానలు పోనీ" అని టీ తాగి వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది సరైనదే. కట్టె గాలిలో తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు తగ్గిపోతుంది. పొడవులో పెద్దగా తేడా రాదు. నలభై డిగ్రీలు దాటే మా ఎండలకు ఏప్రిల్ కల్లా రెక్కల మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది.

పోషణ విషయానికొస్తే, ఏడాదికోసారి అవిసె నూనె పట్టిస్తే చాలు. అది కట్టె మీద ఆరి గట్టిపడుతుంది. మా ఇంట్లో పూర్వం శనగనూనె రాసేవారు. అది అంత బాగా ఆరదు, జిడ్డుకు వీధి దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది. బొడిపెలకు చింతపండు రుద్దితే సరి.

వాకిలి ఎత్తు తక్కువ. తల వంచి ఇంట్లోకి రావాలని, అది వినయానికి గుర్తని అందరూ చెప్పే మాట. వినయం సంగతేమో కానీ, మా తమ్ముడికి వచ్చినప్పుడల్లా నుదురు బొప్పి కడుతుంది. గడప కూడా ఎత్తే. వాననీళ్లు, తేళ్లు లోపలికి రాకుండా ఆపుతుంది, అది పెద్ద ఉపకారం. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి కుంకుమ పెట్టే ఆ గడపే, మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తకు దాటరానిదైంది. వాకర్ దాని మీదికి ఎక్కదు. కోయించేద్దామంటే ఆమే ఒప్పుకోలేదు, "నేను పోయినాక మీ ఇష్టం" అంది. చివరికి రెండు పక్కలా కడప బండలు ఏటవాలుగా పరిపించాం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక బీగం. తలుపు గొలుసును ద్వారబంధం కొండికి తగిలించి వేసే ఇత్తడి బీగం అది, అరకిలో పైనే ఉంటుంది. లోపల పలకలుంటాయి. చెవికున్న పళ్లు ఒక్కో పలకనూ కావలసినంత ఎత్తుకే లేపాలి, కాస్త తక్కువైనా ఎక్కువైనా గడియ కదలదు. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంటు తీసుకున్న ఏర్పాటిది. ఆలోచన గొప్పదే, కానీ మా దాంట్లో పలకలు అరిగిపోయాయి. చెవిని పూర్తిగా దూర్చి, వెంట్రుకవాసి వెనక్కి లాగి తిప్పితేనే తెరుచుకుంటుంది. ఈ కిటుకు తెలియని పనమ్మాయి అరగంట ఎండలో నిలబడింది. పైగా కొబ్బరినూనె పోసీ పోసీ లోపల దుమ్ముతో ముద్దకట్టింది. పెన్సిల్ ముల్లు పొడి చేసి చల్లితే నయం. డూప్లికేట్ చేయించాలన్నా మెషీన్ మీద కుదరదు, ఆకురాయితో చేత్తో అరగదీసే మనిషి దొరకాలి. పెరటి తలుపుకు తమిళనాడు దిండిగల్లు బీగం వేశాం, ఆ ఊరి బీగాలకు 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇంతవరకూ ఒక్క పేచీ లేదు.

అయినా ఆ పాత చెవిని పారెయ్యలేదు. చాలా ఏళ్లు అది మా అత్త నడుముకే ఉండేది. చక్కెర కావాలన్నా, కొత్త చీర తియ్యాలన్నా ఆమె గుత్తి విప్పాలి. బీగాల గుత్తి అందమైన గుర్తు అని రాసేవాళ్లు ఆ ఇంట్లో కోడలిగా ఉండి చూడాలి. ఆపరేషన్‌కి వెళ్లే రోజు పొద్దున గుత్తి నా చేతిలో పెట్టి, "బియ్యం డబ్బాకు వెయ్యాల్సిన పనిలేదులే" అంది. అప్పటి నుంచి వెయ్యలేదు.

పాత ఇళ్లు కూలగొట్టిన చోట ఇలాంటి తలుపులు అమ్మకానికి వస్తుంటాయి. కొనేవాళ్లు రెక్కలొక్కటే కొనొద్దు, ద్వారబంధంతో సహా తీసుకోండి. మొలలు తిరిగే గుంటలు లేకపోతే ఆ రెక్కలు గోడకు ఆనించడానికి తప్ప పనికిరావు. బంధం కింది కొసను స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, చెదలు పట్టేది అక్కడే. బీగం ఉచితంగా ఇస్తామంటే తీసుకోండి, దానికని ధర పెంచితే మాత్రం వద్దనండి.