ప్రోక్వాల్-5: ప్రశ్నావళి మంచిదే, ఎనిమిదో ప్రశ్నతోనే పేచీ

బాలల సంరక్షణ సిబ్బంది మానసిక ఒత్తిడిని కొలవడానికి తరచూ వాడే ప్రశ్నావళి ప్రోక్వాల్-5. రూపొందించింది బెత్ హడ్నాల్ స్టామ్. 30 వాక్యాలుంటాయి, గత 30 రోజుల్లో ఒక్కోటి ఎంత తరచుగా అనిపించిందో 1 నుంచి 5 దాకా అంకె వేయాలి. రూపకర్త పేరు ఉంచి, మార్చకుండా, అమ్మకుండా వాడుకుంటే ఉచితం. బ్రాకెట్లలో ఉన్న 'సహాయం' అనే మాట స్థానంలో మాత్రం మన పనికి తగ్గది పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటును వదులుకోకండి. 'నేను సహాయం చేసే వ్యక్తి' అంటే ఫైల్లో ఉన్న పిల్లవాడా, గుమ్మంలో నిలబడి తిట్టిపోసిన తండ్రా? అది తేలకుండా వేసిన అంకెకు అర్థం లేదు.

పదేసి వాక్యాలకు ఒక లెక్క చొప్పున మూడు వస్తాయి: పనిలో తృప్తి, బర్నౌట్ (పనితో అలసి నీరుగారిపోవడం), సెకండరీ ట్రామా (ఎదుటివాళ్ల ఘోరానుభవాలు వినీ చూసీ మనకు తగిలే దెబ్బ). ఒక్కోదానికి 10 నుంచి 50. 22 దాకా తక్కువ, 23–41 మధ్యస్థం, 42 నుంచి ఎక్కువ. మూడూ కలిపి ఒకే మార్కు వేసే పద్ధతి లేదు, వేసుకోకూడదు కూడా. తృప్తి 44 వచ్చిన మనిషికే సెకండరీ ట్రామా 42 రావచ్చు. పనిని ప్రేమిస్తున్నారు కాబట్టి బాగానే ఉన్నారనుకునే సూపర్‌వైజర్లు ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

లెక్క తప్పేది ఎక్కువగా బర్నౌట్ దగ్గరే. 1, 4, 15, 17, 29 వాక్యాలు సానుకూలమైనవి, వాటి అంకెలు తిరగేయాలి: 5 వేస్తే 1, 4 వేస్తే 2. ఈ ఐదింటికీ 4, మిగతా ఐదింటికీ 2 వేసిన మనిషి అసలు స్కోరు 20. తిరగేయడం మర్చిపోతే 30 అవుతుంది. అంటే సంతోషంగా ఉన్నందుకే మధ్యస్థం గడిలో పడతారు! ఇంకో తప్పు దీనికి అటువైపుది. ముడి మొత్తాన్ని, అంటే అంకెలు కూడగా వచ్చినదాన్ని, సగటు 50 ఉండే కొలతలోకి మార్చే టి-స్కోరు పద్ధతిలో హద్దులు 43, 57. మార్చకుండా ముడి మొత్తాన్నే ఆ హద్దులతో పోలిస్తే 57 ఎవరూ దాటరు, ఎందుకంటే ముడి మొత్తమే 50 మించదు. ఆఫీసంతా క్షేమమని నివేదిక వెళ్లిపోతుంది.

ఇక ఎనిమిదో వాక్యం. ఎదుటివాళ్ల భయంకర అనుభవాలు తలచుకుని నిద్ర పట్టక పని సాగడం లేదా అన్నది దాని సారం. చూడగానే సెకండరీ ట్రామా అనిపిస్తుంది, కానీ ఇది బర్నౌట్‌లో కలుస్తుంది. అందుకే మొత్తాలు చూసి ఊరుకోకుండా ఈ ఒక్క జవాబునూ విడిగా చదవాలి. ఇక్కడ 4 లేదా 5 ఉంటే, సెకండరీ ట్రామా మొత్తం మధ్యస్థమే అయినా ఆ మనిషితో మాట్లాడాల్సిందే.

లోటు కూడా ఉంది. హోమ్ విజిట్‌లో కర్ర ఎత్తి మీదికొచ్చినవాళ్ల గురించి, ఇంటి అడ్రసు తెలుసని బెదిరించినవాళ్ల గురించి ఇది సూటిగా అడగదు. అది నేరుగా తగిలిన దెబ్బ. దానికి, ట్రామా తర్వాత మిగిలే లక్షణాలను అడిగే 20 ప్రశ్నల పీసీఎల్-5 మేలు. తలనొప్పి, రక్తపోటు, మద్యం వంటివాటి ఊసే లేదు. రోజూ ఫైళ్లు, ఫొటోలు చూసేవాళ్లకైతే సెకండరీ ట్రామా కోసమే ఉన్న 17 ప్రశ్నల ఎస్‌టీఎస్ఎస్ పదునైనది: గత 7 రోజుల్లో ఆ దృశ్యాలు చొరబడటం, తప్పించుకు తిరగడం, ఉలికిపాటు విడివిడిగా అడుగుతుంది. ఏదీ రోగ నిర్ధారణ కాదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు: పిల్లలపై జరిగిన హింస వివరాలు ఉద్యోగంలో పదేపదే వినాల్సిరావడాన్ని 2013 నాటి డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల రోగ నిర్ధారణ గ్రంథం) ట్రామా కారణాల్లోనే చేర్చింది.

పిల్లల్ని ఇంటినుంచి తీసుకొచ్చిన రోజు సాయంత్రం దీన్ని నింపకండి, ఆ ఒక్క రోజు రంగు 30 రోజులకూ అంటుకుంటుంది. వారానికోసారి నింపినా ప్రయోజనం లేదు, ఒక్కోసారి అడిగే 30 రోజులు ఒకదాని మీదొకటి పడతాయి.

సంస్థ వాడాలనుకుంటే 21, 26 వాక్యాలతో మొదలెట్టాలి: కేసులు తరగడం లేదు, వ్యవస్థలో కూరుకుపోయాను అనేవి అవి. బృందమంతా అక్కడ 4, 5 వేస్తే ధ్యానం క్లాసు పెట్టడం దండగ, కేసులు పంచాలి. కాగితాలు మాత్రం పనితీరు మదింపు ఫైల్లోకి చేరకూడదు. చేరతాయన్న అనుమానం వస్తే చాలు, తర్వాతి నెల అందరికీ 2లే వస్తాయి.